మల్టీ-టూ కాంటెస్ట్ స్టేషన్: ఒకే స్థలంలో రెండు కిలోవాట్లు, యాంటెనాలు ఎక్కడెక్కడ పెట్టాలి?

ఏరియల్_మిత్ర

అందరికీ నమస్కారం. హామ్ రేడియో క్లబ్ తరఫున కాంటెస్ట్ స్టేషన్ (రేడియో పోటీల కోసం) కడుతున్నాం. ప్రస్తుతానికి మల్టీ-టూ (ఒకేసారి రెండు బ్యాండ్లలో రెండు ట్రాన్స్‌మిటర్లు), కుదిరితే తర్వాత మల్టీ-మల్టీ (ప్రతి బ్యాండ్‌లోనూ ఒకటి). చేతిలో ఉన్నవి ఇవీ:

స్థలం 120 × 90 మీటర్లు, చదును నేల. 30 మీటర్ల గై వైర్ల టవర్ ఒకటి, 18 మీటర్ల మాస్ట్ ఒకటి. బ్యాండ్ల పేర్లు మీటర్లలో చెబుతున్నాను (160 అంటే 1.8, 80 అంటే 3.5, 40 అంటే 7, 20 అంటే 14, 15 అంటే 21, 10 అంటే 28 మెగాహెర్ట్జ్). 40కి రెండు ఎలిమెంట్ల యాగీ (ఒక దిశకు గురిపెట్టే యాంటెనా), 20కి ఐదు ఎలిమెంట్ల మోనోబ్యాండర్ (ఒకే బ్యాండ్ యాగీ), 20/15/10 ట్రైబ్యాండర్ (మూడు బ్యాండ్ల యాగీ). 80, 160లకు ఇంకా ఏమీ అనుకోలేదు. యాంప్‌లు (పవర్ పెంచే యాంప్లిఫయర్లు) రెండు, ఒక్కోటి కిలోవాట్. రిగ్‌కీ (రేడియో సెట్‌కీ) యాంప్‌కీ మధ్య పెట్టే బ్యాండ్‌పాస్ ఫిల్టర్లు (తన బ్యాండ్‌ను వదిలి మిగతావి ఆపేవి) రెండు సెట్లు ఉన్నాయి.

మూడు యాగీలనూ 30 మీటర్ల టవర్ మీదే పెట్టేసి, మాస్ట్‌ను 80 వర్టికల్‌కి (నిలువు యాంటెనాకి) వాడదామని ఒక ఆలోచన. ఫిల్టర్లు ఉన్నాయి కాబట్టి ఒక స్టేషన్ పంపేటప్పుడు రెండోది వినడానికి ఇబ్బంది ఉండదని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

డీబీ_లెక్క

ఫిల్టర్లు ఉన్నాయి కదా అని యాంటెనాలను ఎలా పడితే అలా పెడితే కుదరదండి. ముందు లెక్క చూడండి.

కిలోవాట్ అంటే +60 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్ లెక్క). రెండు యాంటెనాల మధ్య ఐసొలేషన్ (ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చేరేసరికి సిగ్నల్ తగ్గేది) 30 డీబీ ఉందనుకుందాం. అవతలి రిసీవర్ కోయాక్స్‌లోకి (యాంటెనా కేబుల్‌లోకి) +30 డీబీఎం వస్తుంది, అంటే నిండా ఒక వాట్. మీ బ్యాండ్‌పాస్ ఫిల్టర్ అందులో 50 డీబీ కోసేస్తే మిగిలేది −20 డీబీఎం. ఎస్9 (రిసీవర్ మీటర్ మీద బలమైన సిగ్నల్ గుర్తు) అంటే −73 డీబీఎం కాబట్టి ఇది ఎస్9 మీద 53 డీబీ. రిసీవర్ తట్టుకుంటుంది. అదే ఐసొలేషన్ 15 డీబీ అయితే ఫిల్టర్ ముఖం మీద 30 వాట్లు కూర్చుంటాయి. రిగ్ వైపు పెట్టే చిన్న ఫిల్టర్ల కెపాసిటర్లు పోయేది ఇలాంటప్పుడే.

ఇది ఫండమెంటల్ (అసలు పంపే ఫ్రీక్వెన్సీ) సంగతి. హార్మోనిక్ (దానికి రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీలో పుట్టే సిగ్నల్) కథ వేరు. రిగ్‌కీ యాంప్‌కీ మధ్య ఉన్న ఫిల్టర్ యాంప్‌లో పుట్టే హార్మోనిక్‌ను ఏమీ చేయలేదు. యాంప్ రెండో హార్మోనిక్ 50 డీబీ కింద ఉన్నా అది +10 డీబీఎం. 30 డీబీ ఐసొలేషన్ తీసేస్తే −20 డీబీఎం. ఇప్పుడది 14 మెగాహెర్ట్జ్‌లోనే ఉన్న సిగ్నల్ కాబట్టి, 20 స్టేషన్ ఫిల్టర్ దాన్ని సాదరంగా లోపలికి పంపుతుంది. 7.025లో పిలిచే ఆపరేటర్ 14.050లో కూర్చున్నవాడి చెవులు చిల్లులు పొడుస్తాడు.

అందుకే వరుస ఇదీ: ముందు యాంటెనాల స్థానాలు, తర్వాత ఫిల్టర్లు, ఆఖర్న స్టబ్‌లు (ఒక బ్యాండ్‌ను చంపడానికి లైన్‌కి పక్కగా తగిలించే కోయాక్స్ ముక్కలు). స్థానాల్లో పోగొట్టుకున్న 15 డీబీని తర్వాత ఏ పెట్టెతోనూ సులువుగా తెచ్చుకోలేరు.

గైవైర్

మూడు యాగీలూ ఒకే టవర్ మీద వద్దు. ముఖ్యంగా 40 యాగీ, ట్రైబ్యాండర్ ఒకే మాస్ట్ మీద వద్దు. 40 ఎలిమెంట్ 15లో ఒకటిన్నర వేవ్ పొడవు అవుతుంది, హాయిగా రెజొనేట్ అవుతుంది. దానికి రెండు మీటర్ల దూరంలో ట్రైబ్యాండర్ ఉంటే 15లో ప్యాటర్న్ చెదిరిపోతుంది, ముందు-వెనకల తేడా పడిపోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా కేబుల్‌తో ఎంత కుదిరిందో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా) మాత్రం చూడ్డానికి బాగానే ఉంటుంది. కాబట్టి మీటర్ చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. తప్పనిసరై పెట్టాల్సి వస్తే రెండు బూమ్‌లను 90 డిగ్రీలు అడ్డంగా తిప్పి బిగించాలి, అప్పుడు ఎలిమెంట్లు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. 20 మోనోబ్యాండర్‌తో 40కి ఈ గొడవ అంతగా లేదు. వాటి మధ్య మూడు మీటర్లు ఇస్తే చాలు.

నేనైతే ఇలా పంచుతాను: 30 మీటర్ల టవర్ మీద 20, దాని పైన 40. 18 మీటర్ల మాస్ట్ మీద ట్రైబ్యాండర్ ఒక్కటే.

ఎత్తులు కూడా దీనికే కలిసొస్తాయి. చదును నేల మీద మొదటి లోబ్ (సిగ్నల్ ఎక్కువగా పోయే దిశ) కోణానికి సైన్ విలువ, 1ని నాలుగింతల ఎత్తుతో భాగిస్తే వచ్చేది (ఎత్తు వేవ్‌లెంగ్త్‌లలో). 20 మోనోబ్యాండర్ 30 మీటర్ల మీద 10 డిగ్రీల దగ్గర కొడుతుంది, 21 డిగ్రీల దగ్గర నల్ (సిగ్నల్ దాదాపు ఉండని చోటు) ఉంటుంది. 18 మీటర్ల ట్రైబ్యాండర్ 20లో 17 డిగ్రీల దగ్గర కొడుతుంది. అంటే పైదాని గుంత దాదాపుగా కిందిది పూడుస్తుంది. దగ్గరి స్టేషన్లు పైదాంట్లో నీరసంగా ఉంటే కిందిదానికి మారండి. అదే ట్రైబ్యాండర్ 15లో 11, 10లో 8.5 డిగ్రీలు. ఇంకా ఎత్తుకు ఎక్కించాల్సిన పనే లేదు.

ఇక స్థలంలో ఎక్కడ అనేది. రెండు టవర్లనూ కలిపే గీత మీ ప్రధాన దిశకు లంబంగా ఉండాలి. రెండు యాగీలూ ప్రధాన దిశకు తిరిగినప్పుడు ఎలిమెంట్ల కొనలు ఒకదాన్నొకటి చూస్తాయి, అక్కడే యాగీకి లోతైన నల్. ఒకటి ఇంకోదాని ముక్కు ముందు నిలబడితే మాత్రం రోజంతా దాని మీదకే కిలోవాట్ కుమ్మరిస్తున్నట్టే. దూరం 60 నుంచి 70 మీటర్లు పెట్టుకోండి, మీ 120లో సరిపోతుంది. టవర్ గై యాంకర్లు ఎత్తులో 80 శాతం, అంటే 24 మీటర్ల దూరంలో వస్తాయి. కాగితం మీద యాంకర్లు కూడా గీసుకున్నాకే మాస్ట్ స్థానం ఖాయం చేయండి.

గై వైర్లు స్టీలువైతే ముక్కలు చేసి మధ్యలో ఎగ్ ఇన్సులేటర్లు వేయాలి. ముక్క 8.2 మీటర్లు ఉంటే హాఫ్‌వేవ్ రెజొనెన్స్ 18 మెగాహెర్ట్జ్ చుట్టూ, దాని రెట్టింపు 36 చుట్టూ పడుతుంది. 14, 21, 28 మూడూ తప్పించుకుంటాయి. వైర్ చుట్లు ఇన్సులేటర్‌లో ఒకదాంట్లోంచి ఒకటి దూరి ఉండేలా కట్టండి. పింగాణీ పగిలినా గై తెగిపోదు, చుట్లు రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి. ఫిలిస్ట్రాన్ లాంటి లోహం కాని తాడు దొరికితే మరీ మంచిది, కాకపోతే నేలకు దగ్గరగా ఉండే చివరి రెండు మూడు మీటర్లు స్టీలే ఉంచండి. గడ్డి మంటకో, కత్తికో అది బలి కాకూడదు. ప్రీటెన్షన్ (గైని ముందే లాగి బిగించే బలం) తెగే బలంలో 10 శాతం.

మూడు_దారులు

గైవైర్ గారి ప్లాన్ బాగుంది. కానీ మల్టీ-మల్టీ సంగతి కూడా అడిగారు. ఒక్క ట్రైబ్యాండర్ మీద 20, 15, 10 మూడు స్టేషన్లూ ఒకేసారి నడపొచ్చు. ట్రిప్లెక్సర్ (ఒకే యాంటెనాను మూడు బ్యాండ్లకు పంచే పెట్టె) ఒకటి, ప్రతి దారిలో హై పవర్ బ్యాండ్‌పాస్ ఫిల్టర్ ఒకటి. ఒకే కోయాక్స్, ఒకే రొటేటర్ (యాంటెనాను తిప్పే మోటారు). స్థలం లేనివాళ్లకీ, తాత్కాలిక స్టేషన్లకీ ఇంతకంటే మంచిది లేదు.

డీబీ_లెక్క

తాత్కాలికానికి ఒప్పుకుంటాను. శాశ్వత స్టేషన్‌కి రెండు అభ్యంతరాలు. ఒకటి, ముగ్గురూ ఒకే దిశ చూడాలి. 10 తెరుచుకుంది, ఆ ఆపరేటర్ ఇంకో దిక్కుకి తిప్పాలంటే 20 వాడు ఒప్పుకోడు. రెండోది, ఇక్కడ యాంటెనాల మధ్య ఐసొలేషన్ అనేదే లేదు. ఉన్నదంతా ట్రిప్లెక్సర్ ఇచ్చే 30 డీబీ చిల్లరా, ఫిల్టర్లూ. ట్రైబ్యాండర్ ఎస్‌డబ్ల్యూఆర్ ఏ బ్యాండ్ అంచులోనైనా 2కి చేరిందంటే హై పవర్ ఫిల్టర్‌లో కరెంట్లు, వోల్టేజీలు పెరిగి అది వేడెక్కుతుంది. ట్యూనర్‌ని యాంప్ దగ్గర పెట్టినా ఫిల్టర్ చూసే ఎస్‌డబ్ల్యూఆర్ మారదు, ఎందుకంటే ఫిల్టర్ ట్యూనర్‌కి అవతల ఉంది. ఈ ముక్క చాలామంది మర్చిపోతారు.

మూడు_దారులు

ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 దాటని ట్రైబ్యాండర్ అయితేనే అని చెప్పడం మర్చిపోయాను, నిజమే. తడిస్తే మారే ట్రాప్ యాంటెనాలకు అసలు వద్దు.

ఏరియల్_మిత్ర

సరే, గైవైర్ గారు చెప్పినట్టే పంచుతాం. ట్రిప్లెక్సర్ పక్కన పెడుతున్నాం. ఇప్పుడు స్టబ్‌లు. క్వార్టర్‌వేవ్ (పావు వేవ్‌లెంగ్త్) షార్టెడ్ (కొన కలిపేసినది) అంటారు, ఓపెన్ (కొన వదిలేసినది) అంటారు, ఏది ఎక్కడ వేయాలో తికమకగా ఉంది.

స్టబ్బు

సూత్రం ఒక్కటే గుర్తుపెట్టుకోండి. క్వార్టర్‌వేవ్ దగ్గర షార్ట్ ఓపెన్‌లా, ఓపెన్ షార్ట్‌లా కనిపిస్తుంది. హాఫ్‌వేవ్ దగ్గర ఉన్నది ఉన్నట్టే. మనకు పంపాల్సిన బ్యాండ్‌లో స్టబ్ ఓపెన్‌లా, చంపాల్సిన బ్యాండ్‌లో షార్ట్‌లా ఉండాలి. కింది కొలతలన్నీ వెలాసిటీ ఫ్యాక్టర్ (కేబుల్‌లో సిగ్నల్ వేగం, కాంతి వేగంలో ఎంత వంతో) 0.66 ఉన్న ఆర్‌జి-213 కోయాక్స్‌కి.

40 స్టేషన్ నుంచి 20ని కాపాడటానికి: 7.02 మీటర్లు, కొన షార్ట్. 14.1లో అది హాఫ్‌వేవ్, కాబట్టి షార్ట్. 7.05లో క్వార్టర్‌వేవ్, కాబట్టి ఓపెన్. 28 కూడా చస్తుంది. 21 మాత్రం చావదు, అక్కడ ముప్పావు వేవ్ అయి మళ్లీ ఓపెన్ అయిపోతుంది.

80 స్టేషన్‌కి: 14.03 మీటర్లు, కొన షార్ట్. 7.05, 14.1, 21.15, 28.2 అన్నీ హాఫ్‌వేవ్ గుణిజాలే. ఒక్క ముక్క నాలుగు బ్యాండ్లనూ కాస్తుంది, ఇంత లాభసాటి స్టబ్ ఇంకోటి లేదు.

20 స్టేషన్‌కి 10 కోసం: 3.50 మీటర్లు, కొన షార్ట్. అదే 20 స్టేషన్ రిసీవర్‌ను 40 కిలోవాట్ నుంచి కాపాడటానికి: సుమారు 7 మీటర్లు, కొన ఓపెన్. 7లోనూ 21లోనూ షార్ట్, 14లో ఓపెన్. అంటే 40, 15 రెండూ ఒక్క దెబ్బకు పోతాయి.

ఇక 40 నుంచి 15కి వెళ్లే మూడో హార్మోనిక్. దీనికి ఒకే టీ (మూడు దారుల కనెక్టర్) దగ్గర రెండు ముక్కలు కావాలి: 2.34 మీటర్లు ఓపెన్, 4.69 మీటర్లు షార్టెడ్. 21.1లో మొదటిది క్వార్టర్‌వేవ్ ఓపెన్, రెండోది హాఫ్‌వేవ్ షార్టెడ్, రెండూ షార్టే. 7లో మొదటిది 30 డిగ్రీల ఓపెన్, రెండోది 60 డిగ్రీల షార్టెడ్. ఒకటి కేబుల్ ఇంపిడెన్స్‌కి మైనస్ 1.73 రెట్ల రియాక్టెన్స్, రెండోది ప్లస్ 1.73 రెట్లు. సమాంతరంగా కలిస్తే రెజొనెన్స్, స్టబ్ అక్కడ ఉన్నట్టే తెలీదు. దీనితో 20 కూడా పోతుందనుకోకండి, 14లో ఇది అరకొరగానే పనిచేస్తుంది. 7.02 మీటర్ల స్టబ్ విడిగా ఉండాల్సిందే.

ఎంత తగ్గిస్తాయి? అది కోయాక్స్ నష్టాన్ని బట్టి. ఆర్‌జి-213తో 14 మెగాహెర్ట్జ్‌లో 28 డీబీ దాకా. ఆర్‌జి-58తో 22 దాటదు. అర అంగుళం హార్డ్‌లైన్‌తో (గట్టి లోహపు తొడుగు కోయాక్స్‌తో) 35. నల్ మధ్యలో ఇదీ లెక్క, 150 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగితే 213 స్టబ్ కూడా 23కి పడిపోతుంది. అందుకే సీడబ్ల్యూ (మోర్స్) కాంటెస్ట్‌కి నల్‌ను 14.05కి కోసుకోండి.

కోత ఇలా: 5 శాతం పొడవు ఎక్కువగా, అంటే 7.35 మీటర్లతో మొదలుపెట్టండి. నానో వీఎన్ఏ (ఫ్రీక్వెన్సీల వారీగా కొలిచే చిన్న పరికరం) రెండు పోర్టుల మధ్య టీ పెట్టి, మూడో కాలికి స్టబ్ తగిలించి, ఎస్21లో (ఒక పోర్టు నుంచి రెండోదానికి ఎంత అందుతోందో చెప్పే కొలతలో) నల్ చూడండి. షార్టెడ్ స్టబ్‌ని ప్రతిసారీ కోసి సోల్డర్ చేయక్కర్లేదు. గుండుసూదిని జాకెట్‌లోంచి అల్లికను, మధ్య తీగను తాకేలా గుచ్చండి, అదే షార్ట్. 10 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే నల్ సుమారు 200 కిలోహెర్ట్జ్ పైకి వెళ్తుంది. చోటు ఖాయమయ్యాక అక్కడ కోసి, అల్లికను మధ్య తీగకు సోల్డర్ చేసి, మైనం లాంటిదేదైనా పెట్టి సీల్ చేయండి. ఏ టీతో కొలిచారో అదే టీతో వాడండి, దాని పొడవు కూడా లెక్కలో ఉంది.

ఏరియల్_మిత్ర

కిలోవాట్‌లో స్టబ్ వేడెక్కదా? టీ ఎక్కడ పెట్టాలి, యాంప్ వెనకాలేనా?

స్టబ్బు

40 స్టబ్‌లో కిలోవాట్‌కి దాదాపు 14 వాట్లు వేడిగా పోతాయి. 7 మీటర్ల పొడవునా పంచుకుంటే గోరువెచ్చగా కూడా అనిపించదు. షార్ట్ చేసిన కొనలో నాలుగున్నర ఆంప్స్ పారుతాయి, కాబట్టి సోల్డర్ గట్టిగా ఉండాలి. యాంటెనా ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగితే ఈ అంకెలూ పెరుగుతాయి.

టీ చోటు ముఖ్యం. స్టబ్ చేసేది హార్మోనిక్‌కు ఆ చోట షార్ట్ పెట్టడం. యాంప్ అవుట్‌పుట్ హార్మోనిక్ దగ్గర అప్పటికే తక్కువ ఇంపిడెన్స్ అయితే, అక్కడే షార్ట్ పెట్టి ఒరిగేదేం లేదు. యాంప్ అవుట్‌పుట్‌లో π ఆకారపు నెట్‌వర్క్ ఉంటే దాని చివర నేలకు కెపాసిటర్ ఉంటుంది కాబట్టి అలాంటి యాంప్ వెనకాలే టీ పెడితే ఫలితం నీరసం. హార్మోనిక్‌లో క్వార్టర్‌వేవ్ దూరం, 14.1కి 3.51 మీటర్ల కోయాక్స్ తర్వాత టీ పెట్టండి. π-ఎల్ నెట్‌వర్క్ అయితే చివర కాయిల్ ఉంటుంది కాబట్టి యాంప్ దగ్గరే పెట్టొచ్చు. సాలిడ్ స్టేట్ యాంప్‌ల లోపలి లోపాస్ ఫిల్టర్ ఏ తీరుదో బయటికి తెలీదు, రెండు మూడు జంపర్ పొడవులు మార్చి చూడటమే దారి.

ఒకటి చాలకపోతే అదే స్టబ్ ఇంకోటి, మొదటిదానికి 3.51 మీటర్ల దూరంలో. రెండింటినీ పక్కపక్కనే పెడితే 6 డీబీ మాత్రమే పెరుగుతుంది. క్వార్టర్‌వేవ్ దూరంలో పెడితే డీబీలు దాదాపు కూడుకుంటాయి.

టాప్‌బ్యాండ్

80, 160 సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

80కి ఫోర్ స్క్వేర్ (చతురస్రం మూలల్లో నాలుగు వర్టికల్స్) కావాలంటే పక్క 20.8 మీటర్లు, బయటికి ఇంకో 20 మీటర్ల రేడియల్స్ (వర్టికల్ అడుగు నుంచి చుట్టూ పరిచే తీగలు). అంటే 60 × 60 మీటర్లు. మీ స్థలంలో టవర్ గైలను తప్పించి అంత చోటు లేదు. 20.8 మీటర్ల దూరంలో రెండు వర్టికల్స్ పెట్టి 90 డిగ్రీల ఫేజ్ తేడాతో నడపండి, దిశ మార్చడానికి ఒక రిలే చాలు.

ఎవరైనా ఫోర్ స్క్వేర్‌కే వెళ్తే ఒక మాట. హైబ్రిడ్ కప్లర్ (ఎలిమెంట్లకు ఫేజ్ తేడాతో పవర్ పంచే పెట్టె) వాడేవాళ్లు 75 ఓమ్స్ క్వార్టర్‌వేవ్ కోయాక్స్‌తో ఎలిమెంట్లను కలుపుతారు. మధ్య నుంచి మూలకు 14.7 మీటర్లు. వెలాసిటీ ఫ్యాక్టర్ 0.66 కోయాక్స్‌లో క్వార్టర్‌వేవ్ 13.7 మీటర్లే, మూలకు అందదు. ఫోమ్ కోయాక్స్, 0.8కి పైన ఉన్నది తెచ్చుకోవాలి. డంప్ లోడ్ (యాంటెనాలు తీసుకోని పవర్ పోయే రెసిస్టర్) మీద వాట్ మీటర్ ఎప్పుడూ ఉంచండి. అక్కడికి పోయే పవర్ 10 శాతం దాటిందంటే ఏదో ఎలిమెంట్ కదిలినట్టో, కోయాక్స్‌లో నీళ్లు దిగినట్టో లెక్క.

160కి ఇన్‌వర్టెడ్ ఎల్ (తలకిందులైన ఎల్ ఆకారపు తీగ యాంటెనా). విడిగా 18 మీటర్ల ఫైబర్‌గ్లాస్ కడ్డీ, నిలువు 18, అడ్డం 21, మొత్తం 39 మీటర్లు 1.83 మెగాహెర్ట్జ్‌కి. పొడవుగా కోసి తగ్గించుకోండి. 30 మీటర్ల టవర్ పక్కనే వేలాడదీయకండి, పైన రెండు యాగీల బరువు నెత్తిన మోస్తున్న ఆ టవర్ 160లో తానే ఒక యాంటెనా.

రేడియల్స్ నేల మీద పరిస్తే పొడవు కచ్చితంగా ఉండక్కర్లేదు. ఉన్న తీగతో కొన్ని పొడవాటివి వేయడం కంటే ఎక్కువ పొట్టివి వేయడం మేలు. 30 కంటే తక్కువ వద్దు, 60 దాకా వెళ్తే ఇక ఆపొచ్చు.

వినడానికి: 120 మీటర్ల బెవరేజ్ (నేలకు దగ్గరగా లాగే పొడవాటి తీగ యాంటెనా) 80లో బాగుంటుంది, 160లో పొట్టిదే అయినా పనికొస్తుంది. ఎత్తు రెండున్నర మీటర్లు, కొన 470 ఓమ్స్, ఇటు 9:1 ట్రాన్స్‌ఫార్మర్. రెసిస్టర్ వైర్‌వౌండ్ కాకూడదు. ఇక్కడే ఒక బొక్క ఉంది. మీ బ్యాండ్‌పాస్ ఫిల్టర్ ఉన్నది ట్రాన్స్‌మిట్ దారిలో. బెవరేజ్ వెళ్లేది రిగ్ వెనక ఉన్న విడి రిసీవ్ యాంటెనా సాకెట్‌కి. ఆ దారిలో ఫిల్టర్ లేదు! పక్క వర్టికల్ కిలోవాట్ సరాసరి ముందు భాగంలోకి దిగుతుంది. రిసీవ్ దారికి విడిగా ఫిల్టర్ పెట్టండి, ట్రాన్స్‌మిట్‌లో తెంచే రిలే కూడా.

ఫెర్రైట్_రింగు

వర్టికల్‌కీ యాగీకీ మధ్య పోలరైజేషన్ తేడా వల్ల దక్కే ఐసొలేషన్ కోయాక్స్ పైఅల్లిక మీద కరెంట్ పారనివ్వకపోతేనే దక్కుతుంది. టవర్ దిగే కోయాక్స్ నిలువుగా వేలాడే తీగ, అది చక్కగా 80 వర్టికల్ సిగ్నల్‌ను పట్టి రేడియో గదిలోకి తెస్తుంది.

చోక్ (పైఅల్లిక మీద కరెంట్‌ను ఆపేది) చేయడానికి ఎఫ్‌టీ240-31 ఫెర్రైట్ రింగు మీద ఆర్‌జి-400 కోయాక్స్: 160, 80లకు 16 నుంచి 18 చుట్లు, 40కి 15, 20కి 13 లేదా 14, 15 నుంచి 10 దాకా 10 నుంచి 12. ఫీడ్ పాయింట్ దగ్గర ఒకటి, కోయాక్స్ గదిలోకి వచ్చేచోట ఒకటి. చుట్లు ఎక్కువేస్తే మంచిదే కదా అనుకుని 10కి 17 చుట్టకండి, చుట్ల మధ్య కెపాసిటెన్స్ వల్ల చోక్ కింది బ్యాండ్లకు జారిపోతుంది.

గదిలో యూఎస్‌బీ, కీయర్, ఆడియో, నెట్‌వర్క్ తీగలకూ ఇదే మందు. 14.030, 21.052 చుట్టుపక్కల ఎప్పుడూ మోగే సన్నటి కూత వినిపిస్తే అది నెట్‌వర్క్ తీగల నుంచి వచ్చేదే. స్టేషన్లన్నిటి చాసిస్‌లనూ బల్లల వెనక ఒకే రాగి పట్టీకి పొట్టి తీగలతో కట్టండి, ఆ పట్టీ కోయాక్స్ లోపలికొచ్చే ప్లేటుకీ, బయట ఎర్త్‌కీ కలవాలి.

ఏరియల్_మిత్ర

అందరికీ ధన్యవాదాలు. యాగీలు ఎక్కాయి. ప్రతి జంటకీ నానో వీఎన్ఏతో ఎస్21 కొలిచాం, కోయాక్స్‌లను ముందు షార్ట్ చేసి స్టాటిక్ తీసేసి. రెండూ ప్రధాన దిశ చూస్తుంటే:

40 యాగీ నుంచి ట్రైబ్యాండర్‌కి 7లో −47, 14లో −36, 21లో −31.
20 మోనో నుంచి ట్రైబ్యాండర్‌కి 14లో −34, 21లో −38, 28లో −35.
ట్రైబ్యాండర్‌ని టవర్ వైపు తిప్పితే 14లో −19కి పడిపోతోంది.

స్టబ్‌లు వేశాం. 40 నుంచి 20కి హార్మోనిక్ దాదాపు వినపడని స్థాయికి వచ్చింది. 15లో మాత్రం తేడాగా ఉంది. 7.030లో కిలోవాట్ పంపితే 21.090లో ఎస్9 మీద 20. స్టబ్బు గారు చెప్పిన జంట స్టబ్ వేశాం, వీఎన్ఏలో 30 డీబీ కనిపిస్తోంది. రెండోది కూడా వేశాం. సిగ్నల్ ఒక్క డీబీ కూడా తగ్గలేదు. పైగా టోన్ గరగరమంటోంది, గాలి వీస్తే ఎగిరిపడుతోంది.

డీబీ_లెక్క

−19 ఎదురొచ్చే దిశల్ని కాగితం మీద రాసి రొటేటర్ పెట్టెకి అంటించండి. ఆపరేటర్లు అర్ధరాత్రి గుర్తుపెట్టుకోరు.

15 సంగతి: స్టబ్ వేసినా కదలని హార్మోనిక్ ఆ స్టబ్‌కి అవతల పుడుతోంది. మీ యాంప్ నిర్దోషి. ఖాయం చేసుకోవాలంటే స్టబ్‌ల తర్వాత యాంటెనా తీసేసి డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పవర్ మింగేసే రెసిస్టర్) పెట్టండి. అప్పుడూ 21.090 వినిపిస్తే అది గదిలోపల తీగల మీదుగా వస్తోంది, ఫెర్రైట్_రింగు గారి పని. మాయమైతే బయట ఎక్కడో లోహానికీ లోహానికీ మధ్య తుప్పు పట్టిన జాయింట్ డయోడ్‌లా పనిచేస్తోంది. గరగర, గాలికి మారడం చూస్తే రెండోదే అనిపిస్తోంది.

గైవైర్

నేనూ అదే అంటాను. 40 యాగీకి దగ్గరగా వదులుగా తగులుతున్న లోహం వెతకండి. టర్న్‌బకిల్‌కి వేసిన సేఫ్టీ వైర్, టవర్ సెక్షన్ల మధ్య వదులు బోల్టు, మెష్ కంచె, రేకు కప్పు, వాడకుండా టవర్ మీద వదిలేసిన పాత కోయాక్స్.

పద్ధతి: ఒకరు 7.030లో తక్కువ పవర్‌తో, 100 వాట్లు చాలు, మోర్స్ చుక్కలు పంపుతుండాలి. ఇంకొకరు చిన్న లూప్ తగిలించిన పోర్టబుల్ రిసీవర్‌ను 21.090లో పెట్టి స్థలం చుట్టూ నడవాలి. బలం పెరిగినచోట కర్రతో తట్టండి. టోన్ చెదిరితే దొరికినట్టే. టవర్ ఎక్కి వెతకాల్సి వస్తే మాత్రం ట్రాన్స్‌మిటర్ ఆపి, యాంప్ తీగ పీకేసి, అప్పుడు ఎక్కండి.

దొరికాక రెండే మందులు: గట్టిగా కలిపేయండి లేదా పూర్తిగా విడదీయండి. తుప్పు గీకి పెయింట్ వేయడం మందు కాదు, మళ్లీ మొదలవుతుంది.

ఏరియల్_మిత్ర

డమ్మీ లోడ్‌తో మాయమైంది. వెతికితే ఉత్తరం వైపు మెష్ కంచెలో రెండు ప్యానెళ్లు కలిసేచోట దొరికింది, తట్టగానే టోన్ తెగిపోయింది. రెండు ప్యానెళ్ల మధ్య అల్లిక పట్టీ బోల్టులతో బిగించాం. ఇప్పుడు 21.090లో ఎస్6. ఈసారి రెండో జంట స్టబ్ తీసి చూస్తే పెరుగుతోంది, పెడితే తగ్గుతోంది.

ఇంకో ప్రశ్న. రెండు బల్లల మీదా యాంటెనా స్విచ్‌లు ఉన్నాయి. ఇద్దరూ ట్రైబ్యాండర్‌నే ఎంచుకుంటే?

డీబీ_లెక్క

ఎస్6 మిగిలినది ఇక స్టబ్‌ల పరిధిలోదే, వదిలేయండి. మూడు బ్యాండ్లు మొదలుపెట్టాక ఇంకోటి చూసుకోవాలి: 7.030, 14.040 రెండూ కలిసి కీ నొక్కినప్పుడు మాత్రమే 21.070లో ఏదైనా వినిపిస్తే, అదీ ఇలాంటి జాయింటే. ఒక్కొక్కటిగా పరీక్షిస్తే దొరకదు, ఇద్దరూ ఒకేసారి పంపుతూ వెతకాలి.

స్విచ్‌కి: మొదట ఎంచుకున్నవాడికే దక్కేలా రిలే లాజిక్ ఉన్న రెండు-ఇంటు-ఆరు (రెండు స్టేషన్లు, ఆరు యాంటెనాలు) స్విచ్ వాడండి, రెండోవాడు నొక్కినా రిలే పడకూడదు. సాఫ్ట్‌వేర్ లాకౌట్ మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి, కంప్యూటర్ వేలాడితే అదీ వేలాడుతుంది. రిలే తిరిగే సమయంలో యాంప్ కీయింగ్ లైన్ తెగి ఉండాలి, కిలోవాట్ మీద రిలే తిరిగితే కాంటాక్టులు ఒకట్రెండు సార్లకే మాడతాయి.

అలాగే రెండు స్టేషన్లు ఒకే బ్యాండ్‌లో పంపకుండా హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్ కావాలి, మల్టీ-టూలో అది నియమం కూడా. సీక్యూ వరల్డ్ వైడ్ కాంటెస్ట్‌లో అయితే ఒక్కో ట్రాన్స్‌మిటర్‌కి గడియారం గంటకి ఎనిమిది బ్యాండ్ మార్పులే, లాగింగ్ ప్రోగ్రాంలో ఆ లెక్క తెర మీద కనిపించేలా పెట్టుకోండి.

స్టబ్బు

బ్యాండ్ మారినప్పుడు స్టబ్ కూడా మారాలని మర్చిపోకండి. 40 స్టబ్ లైన్‌లో ఉండగా అదే యాంప్‌తో 20కి వెళ్తే అది 14లో తిన్నగా షార్ట్. స్టబ్‌లను బ్యాండ్ డికోడర్ (రిగ్ ఏ బ్యాండ్‌లో ఉందో గుర్తించే పెట్టె) నడిపే రిలేల మీద పెట్టండి లేదా యాంటెనా స్విచ్‌కి అవతల, ఆ యాంటెనా కోయాక్స్ మీదే శాశ్వతంగా తగిలించండి. 40 యాగీ లాంటి ఒకే బ్యాండ్ యాంటెనాకి రెండోదే సుఖం. ట్రైబ్యాండర్‌కి రిలేలు తప్పవు.

ఏరియల్_మిత్ర

40కి, 20 మోనోకి స్విచ్‌కి అవతలే పెడుతున్నాం. ట్రైబ్యాండర్ స్టబ్‌లకు రిలే పెట్టె చేస్తున్నాం. 80 వర్టికల్స్ కొలతలు వచ్చాక ఎస్21 ఇక్కడే పెడతాను.